మొండివాడికి జోడు

 

ఈ పూట ఒక ఆట గురించి మాట్లాడుకుందాం. పిల్లల ఆటే గదా అని రేడియో కట్టేయకండి. ఖతర్ ఎండలు మీకు తెలుసు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వమే నిషేధం పెట్టింది. పనివాళ్లకే ఆ రక్షణ కావాల్సిన ఎండలో పిల్లలు ఎక్కడ ఆడతారు? గదిలో ఏసీ కింద ఆడతారు. చేతిలో నింటెండో స్విచ్ ఉంటుంది. లేదంటే అమ్మ ల్యాప్‌టాప్ ఉంటుంది. విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న బాబాయి కొడుకుతో ఆన్‌లైన్‌లో పోరు పెట్టుకుంటారు. అక్కడికీ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా గదా, వాడికి అన్నం వేళ, వీడికి ఇంకా సాయంత్రం. ఆ ఆట పేరు పోకెమాన్.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. పోకెమాన్ అంటే వింత జీవులు. ఇప్పటికి 1,025 రకాలు ఉన్నాయి. వాటిల్లో ఆరింటిని ఎంచుకుని జట్టు కడతారు. పోటీల్లో ఎక్కువగా ఆడేది జంటల పోరు. అంటే మైదానంలో మీవి రెండు, ఎదుటివాడివి రెండు. పోరుకు ముందు ఇద్దరూ ఒకరి ఆరింటిని ఒకరు చూసుకుంటారు. చూసుకుని, ఆరింటిలో నాలుగింటిని మాత్రమే దింపుతారు. ఒక్కో వంతుని టర్ను అంటారు. టర్నుకి ఒక్కో జీవి ఒక్కో పని చేస్తుంది. కొట్టచ్చు, కాచుకోవచ్చు, పక్కవాడికి సాయపడచ్చు, వెనక్కి వెళ్లి ఇంకొకణ్ణి పంపచ్చు. ముందుగా నాలుగూ పడిపోయినవాడు ఓడినట్టు.

ఆట ఇంతే. ఇక అసలు సంగతికి వద్దాం. ఈ జీవుల్లో కొన్ని మహా బలమైనవి. కానీ మొండివి. వాటికి పుట్టుకతోనే ఏదో ఒక అవలక్షణం అంటించి పెట్టారు. అలాంటివాణ్ణి పెట్టుకుని జట్టు ఎలా కట్టాలి? ఈ ప్రసంగంలో చెప్పేది అదొక్కటే.

అలాంటివాడే ఒకడున్నాడు, పేరు రెజిగిగాస్. 2006లో వచ్చిన డైమండ్, పెర్ల్ ఆటల్లో పుట్టాడు. తెల్లటి కొండలాంటి ఒళ్లు, దాని మీద పచ్చటి నాచు. ఆటలో చెప్పే కథ ఏమిటంటే, భూమ్మీది ఖండాలకు తాళ్లు కట్టి లాగినవాడు వీడేనట. ఆట లెక్కల్లో కూడా ఆ కథకు తగ్గట్టే ఉంటాడు. ఒక్కో జీవికి ఆరు అంకెలు ఉంటాయి, ప్రాణం, దాడి, రక్షణ, వేగం అలా. వీడి ఆరూ కూడితే 670. దాడి ఒక్కటే 160. పోటీల్లో అందరూ భయపడే గార్చాంప్ అనే జీవికి దాడి 130, మొత్తం 600. అంటే వీడు ఎంతటివాడో చూసుకోండి.

మరి ఇంతటివాణ్ణి అందరూ జట్టులో పెట్టుకోవాలి గదా? పెట్టుకోరు. ఎందుకంటే వీడికి స్లో స్టార్ట్ అనే అవలక్షణం ఉంది. మైదానంలోకి దిగిన దగ్గర్నుంచి ఐదు టర్నుల పాటు వీడి దాడి సగం, వేగం సగం. ఐదు టర్నులు గడిచాకే ఒళ్లు విరుచుకుంటాడు. మధ్యలో వెనక్కి పిలిచి మళ్లీ పంపితే లెక్క మొదటికి వస్తుంది. జంటల పోరు చాలాసార్లు పది టర్నుల లోపే తేలిపోతుంది. అందులో ఐదు టర్నులు వీడు సగం మనిషి. వీడు మేలుకునేసరికి ఇల్లు కాలిపోయి ఉంటుంది.

ఇక్కడ పిల్లలు ఏం చేస్తారంటే, ఆ 670 చూసి మురిసిపోయి వీణ్ణి జట్టులో వేస్తారు. పక్కన ఇంకో ఐదుగురు బలవంతుల్ని వేస్తారు. ఆరుగురూ కొట్టేవాళ్లే. ఓడిపోతారు. వీడు పనికిరానివాడని తీసిపారేస్తారు. వీడు పనికిరానివాడు కాదు. వీడికి జోడు కుదరలేదు, అంతే.

ఊళ్లో ఎద్దుల్ని మేపిన ఇంటినుంచి వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మీకు ఈ మాట వెంటనే అందుతుంది. ప్రకాశం, గుంటూరు వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసే ఉంటారు. రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని మైకులో పిలుస్తుంటారు. ఒంగోలు గిత్తల జత వస్తుంది. బండకు కాడి బిగిస్తారు. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగాయో కొలుస్తారు. ఆ ఇంటి యజమాని ఏడాది పొడుగునా దేనికోసం తిరుగుతాడు? బలమైన గిత్త కోసం కాదు. అది ఇంట్లో ఉంది. దానికి సరైన జోడు కోసం తిరుగుతాడు. ఒక గిత్త మహా బలంగా ఉంటుంది, కానీ మొదటి అడుగు వేయడానికి మొరాయిస్తుంది. దాని పక్కన అంతే పొగరున్న గిత్తను కడితే రెండూ చెరోవైపు లాగుతాయి, బండ కదలదు. అనుభవమున్న రైతు ఏం చేస్తాడు? ఆ గిత్త లోటు ఏమిటో ముందు చూస్తాడు. మొదటి అడుగు లోటా, మలుపు లోటా, బెదురు లోటా? ఆ లోటుని పూడ్చే ఎద్దుని వెతికి, దాపటో వలపటో, దానికి నప్పే పక్కన కడతాడు.

జంటల పోరుకు జట్టు కట్టడం అచ్చంగా ఇదే. ముందు లోటు చూడాలి. తర్వాత జోడు వెతకాలి. బలం సంగతి ఆఖర్న. పిల్లలూ, ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ముందు లోటు, తర్వాత జోడు.

ఈ పద్ధతితో ప్రపంచ కప్పే గెలిచినవాడు ఉన్నాడు. ఆ కథ చెప్తాను, వినండి.

2014 ఆగస్టు. అమెరికాలో వాషింగ్టన్ నగరం. పోకెమాన్ ప్రపంచ పోటీలు. దక్షిణ కొరియా నుంచి వచ్చిన సె జున్ పార్క్ అనే ఆటగాడు తన జట్టులో పచిరిసుని పెట్టుకున్నాడు. పచిరిసు అంటే తెల్లటి చిన్న ఉడుత. బుగ్గల మీద పసుపు చుక్కలు. ఇదీ 2006లో, రెజిగిగాస్ పుట్టిన ఆటలోనే పుట్టింది. కానీ దీని ఆరు అంకెలూ కూడితే 405. దాడి 45. కొడితే ఎదుటివాడికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ప్రపంచ పోటీలో అలాంటిదాన్ని దింపితే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

పార్క్ దీని లోటు చూశాడు. లోటు ఏమిటి? దాడి లేదు. సరే, దాడి అక్కర్లేని పనులే దీనికి నేర్పాడు. సూపర్ ఫ్యాంగ్ అనే దెబ్బ ఒకటుంది. అది ఎదుటివాడి ప్రాణంలో మిగిలినదాంట్లో సగం కొరికేస్తుంది. కొట్టేవాడి దాడి 45 అయినా, 160 అయినా సగం సగమే. నజల్ అని ఇంకోటి ఉంది. అది తగిలితే ఎదుటివాడు తప్పకుండా పక్షవాతం వచ్చినట్టు మందగిస్తాడు. మూడోది ఫాలో మీ. అంటే, నన్ను చూడు అని ఎదుటివాళ్ల దెబ్బలన్నీ తన మీదికి లాక్కోవడం. నాలుగోది కాచుకోవడం. ఇందులో ఏ ఒక్కదానికీ పెద్ద కండలు అక్కర్లేదు. ఇక శిక్షణ ఇచ్చేటప్పుడు పంచుకోవడానికి 510 పాయింట్లు ఉంటాయి, ఒక్కోదాంట్లో 252 దాకా పెట్టచ్చు. పార్క్ వాటిని దాడి మీద తగలేయకుండా, దెబ్బ తట్టుకునే ఓపిక మీద పెట్టాడు.

ఇప్పుడు జోడు చూడండి. ఆ జట్టులో గ్యారడోస్ ఉంది. పెద్ద సముద్రపు పాములాంటిది, భయంకరంగా కొడుతుంది. కానీ ఈ ఆటలో జీవులకీ దెబ్బలకీ నీరు, గాలి, కరెంటు లాంటి రకాలుంటాయి; దీనిది నీరు, గాలి రెండు రకాలూ కలిసిన ఒళ్లు కావడంతో కరెంటు దెబ్బ తగిలితే నాలుగింతలు తగులుతుంది. అదీ దాని లోటు. పచిరిసుకి ఒక గుణం ఉంది, వోల్ట్ అబ్జార్బ్. కరెంటు దెబ్బ తగిలితే దానికి నొప్పి పుట్టదు, పైగా ప్రాణం పెరుగుతుంది. ఎదుటివాడు గ్యారడోస్‌ని చంపుదామని కరెంటు వదిలితే పచిరిసు నన్ను చూడు అంటుంది. ఆ కరెంటు దీని కడుపులోకి పోతుంది. గ్యారడోస్‌కి గీత పడదు, పచిరిసుకి బలం వస్తుంది. ఒకడి లోటు మీద ఇంకొకడి గుణాన్ని సరిగ్గా మూతలా పెట్టాడు పార్క్. ఆ ఏడాది ప్రపంచ విజేత అతనే. 405 అంకె ఉన్న ఉడుత కప్పు ఇంటికి తెచ్చింది. నా మట్టుకు నాకు ఈ ఆట చరిత్రలో ఇంతకన్నా గొప్ప జట్టు పని కనిపించలేదు.

పచిరిసు సేవ చేసేది. రెజిగిగాస్ సేవ చేయించుకునేవాడు. రెండోవాడితోనే కష్టం. కానీ దారి మాత్రం అదే. ముందు లోటు, తర్వాత జోడు.

రెజిగిగాస్ లోట్లు కాగితం మీద రాద్దాం. పిల్లలు నిజంగానే రాయాలి, బుర్రలో అనుకుంటే చాలదు. మొదటిది, ఇందాక చెప్పిన ఐదు టర్నులు. రెండోది, వీడు నార్మల్ రకం. ఫైటింగ్ రకం దెబ్బ ఒక్కటే వీడికి రెండింతలు తగులుతుంది, కానీ అది గట్టిగా తగులుతుంది. మూడోది, వీడి నార్మల్ దెబ్బలు దయ్యాల రకానికి అసలు తగలవు, గాల్లో చెయ్యి ఊపినట్టే. నాలుగోది, వీడికి ఉన్నదంతా ఒంటి బలం కాబట్టి ఎవరైనా కాల్చి వాత పెడితే దాడి సగం అయిపోతుంది. ఎదురుగా నిలబడి బెదిరించే గుణమున్న జీవి దిగినా దాడి తగ్గుతుంది.

అన్నిట్లోకీ పెద్దది మొదటిదే. ఆ ఐదు టర్నుల సంగతి తేలకుండా మిగతావి చూసి లాభం లేదు.

ఈ లోటుకి తేలికైన జోడు చాలా ఏళ్లు దొరకలేదు. 2019 నవంబరులో స్వోర్డ్, షీల్డ్ అనే ఆటలు వచ్చాయి. వాటిలో వీజింగ్ అనే జీవికి కొత్త గుణం ఇచ్చారు. వీజింగ్ అంటే గాల్లో తేలే రెండు తలల పొగ బంతి. అందులోనూ గలార్ అనే ప్రాంతపు వీజింగ్‌కి తల మీద ఫ్యాక్టరీ పొగగొట్టాల్లాంటి పొడుగు టోపీలు ఉంటాయి. దాని కొత్త గుణం పేరు న్యూట్రలైజింగ్ గ్యాస్. అది మైదానంలో ఉన్నంతసేపు ఒక పొగ కమ్ముకుంటుంది. ఆ పొగలో మిగతావాళ్ల గుణాలు పనిచేయవు. మంచి గుణాలూ పనిచేయవు, చెడ్డ గుణాలూ పనిచేయవు. స్లో స్టార్ట్ కూడా ఒక గుణమే గదా? అదీ పనిచేయదు! 2020 అక్టోబరులో క్రౌన్ టండ్రా అనే అదనపు భాగం వచ్చింది, దానితో రెజిగిగాస్ కూడా ఆ ఆటల్లోకి వచ్చాడు. ఆటగాళ్లు వెంటనే ఇద్దర్నీ ఒక కాడికి కట్టారు. 2006లో పుట్టినవాడు 2020లో మొదటి టర్ను నుంచే నిండు బలంతో కొట్టాడు.

ఇద్దరూ ఒకేసారి దిగినా భయం లేదు. పొగ గుణమే అందరికన్నా ముందు పనిచేస్తుంది. ఇంకో లాభం చూడండి. ఎదుటివాడి బెదిరించే గుణం కూడా ఆ పొగలో పనిచేయదు. అంటే నాలుగో లోటులో సగం కూడా తీరిపోయింది. మూడో లాభం ఉంది. గలార్ వీజింగ్ పాయిజన్, ఫెయిరీ రెండు రకాలది. ఫైటింగ్ దెబ్బ దానికి నాలుగో వంతే తగులుతుంది. జోడు అంటే ఇలా ఉండాలి. ఒక్క లోటు పూడ్చబోయి మూడు లాభాలు తెచ్చింది.

ఇంత బాగుంటే మరి చిక్కెక్కడ? ఇక్కడ కాస్త నిదానంగా వినండి, ఎందుకంటే ఎక్కువమంది పిల్లలు ఓడేది ఇక్కడే. వీజింగ్ పడిపోయినా, వెనక్కి వెళ్లినా పొగ పోతుంది. పొగ పోయిన క్షణం నుంచి రెజిగిగాస్ ఐదు టర్నుల లెక్క కొత్తగా మొదలవుతుంది. అప్పటిదాకా వాడు ఎన్ని టర్నులు మైదానంలో ఉన్నాడన్నది లెక్కలోకి రాదు. ఎదుటివాడికి ఈ సంగతి తెలుసు. కాబట్టి వాడు రెజిగిగాస్‌ని కొట్టడు. ఇద్దర్నీ వీజింగ్ మీదికే వదులుతాడు.

ఇక్కడ వక్రాలో ఒక ఇంట్లో శుక్రవారం మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరు ఆడుతుంటే నేను పక్కన కూర్చున్నాను. అన్న దగ్గర ఈ జోడు ఉంది. తమ్ముడి ఇద్దరూ వీజింగ్ మీదికే గురి పెడతారని అన్నకి తెలుసు. అన్న మొదటి టర్నులో వీజింగ్‌తో కాచుకున్నాడు. ఆటలో దాన్ని ప్రొటెక్ట్ అంటారు. ఆ టర్ను తగిలే దెబ్బలన్నీ వృథా. తమ్ముడి రెండు దెబ్బలూ గోడకి తగిలినట్టు పోయాయి. ఆ టర్నులోనే రెజిగిగాస్ క్రష్ గ్రిప్ అనే దెబ్బ వేశాడు. ఆ దెబ్బకి ఒక లక్షణం ఉంది. ఎదుటివాడి ప్రాణం ఎంత నిండుగా ఉంటే అంత గట్టిగా తగులుతుంది, నిండుగా ఉంటే దాని బలం 120. అప్పటికి ఎవరికీ దెబ్బ తగల్లేదు, అందరూ నిండుగా ఉన్నారు. ఒకడు పడిపోయాడు.

తమ్ముడు ఊరుకుంటాడా? "ఇప్పుడు మళ్లీ కాచుకో చూద్దాం" అన్నాడు. వరసగా రెండోసారి కాచుకుంటే ఎక్కువసార్లు పారదు, ఆట నియమం అది. అన్న నా వైపు చూశాడు. "అంకుల్, వీజింగ్‌ని వెనక్కి లాగేయనా?"

"లాగితే పొగ ఏమవుతుంది నాన్నా?" అన్నాను.

"పోతుంది."

"పోతే?"

వాడు జవాబు చెప్పలేదు. వీజింగ్‌ని అక్కడే ఉంచాడు. దాని దగ్గర ఫోకస్ సాష్ అనే పట్టీ ఉంది. ప్రాణం నిండుగా ఉన్నప్పుడు ఎంత పెద్ద దెబ్బ తగిలినా ఒక్కసారికి చావనివ్వదు. ఆ టర్నులో రెజిగిగాస్ ఇంకో దెబ్బ వేశాడు, రెండోవాడి ప్రాణం సగానికి పైగా పోయింది. వీజింగ్‌కి ఒక దెబ్బ తగిలింది, పట్టీ కాపాడింది. రెండో దెబ్బ తగిలింది, పడిపోయింది. పొగ విడిపోయింది. రెజిగిగాస్ మళ్లీ మొండివాడైపోయాడు.

అంటే వాడికి దక్కిన నిండు టర్నులు రెండే. చాలామంది ఇది చూసి నీరుగారిపోతారు. నేను అలా చూడను. ఆ రెండు టర్నుల్లో ఎదుటి జట్టులో ఒకడు పోయాడు, ఒకడు పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మన పక్క పోయింది వీజింగ్ ఒక్కటే. దాని పని అది చేసి పోయింది. మిగిలిన పని వెనకున్న ఇద్దరిది.

ఆ ఇద్దరు ఎవరు? నా గట్టి అభిప్రాయం ఇక్కడ చెప్తాను. మొండివాణ్ణి పెట్టుకున్నప్పుడు వాడికి సేవ చేసేవాళ్లు ఇద్దరికి మించకూడదు. పిల్లలు ఐదుగుర్నీ వాడి సేవకే పెడతారు. ఒకడు పొగ వదలడానికి, ఒకడు దెబ్బలు లాక్కోవడానికి, ఒకడు ఎదుటివాళ్లను మందగింపజేయడానికి, ఒకడు వైద్యానికి. వీడొక్కడు పడిపోతే ఇక కొట్టేవాడు లేడు. ఒక గిత్త కోసం మందనంతా అమ్ముకున్న రైతు పని అవుతుంది. సేవకి ఇద్దరు. మిగతా ముగ్గురూ వాడు లేకుండా గెలవగలవాళ్లు. వెనకుండే ఇద్దరూ వీళ్లలోంచే రావాలి.

సేవ చేసే రెండోవాడుగా నేనైతే టోగెకిస్‌ని పెడతాను. తెల్లటి రెక్కల పక్షి. పచిరిసు లాగే నన్ను చూడు అని దెబ్బలు లాక్కుంటుంది. ఫైటింగ్ దెబ్బ దీనికీ నాలుగో వంతే. గాల్లో ఎగిరేది కాబట్టి భూకంపం దెబ్బ దీన్ని తాకదు. ఈ ముక్క ముఖ్యం. రెజిగిగాస్‌కి భూకంపం దెబ్బ వచ్చు. కానీ భూకంపం ఎదుటి ఇద్దరితో పాటు పక్కనున్న మనవాణ్ణి కూడా కొడుతుంది. పక్కన వీజింగ్ ఉంటే దానికి రెండింతలు తగులుతుంది. గాల్లో తేలుతున్నట్టు బొమ్మ కనిపించినా, పొగ గుణమున్న వీజింగ్‌కి భూకంపం నుంచి రక్షణ లేదు. సొంత జోడుని సొంత చేత్తో చంపుకున్నట్టే. కాబట్టి వీజింగ్ పక్కన ఉన్నప్పుడు రాళ్ల దెబ్బ, అంటే రాక్ స్లైడ్ వేయండి. అది ఎదుటివాళ్లకే తగులుతుంది. నార్మల్ దెబ్బ తగలని దయ్యాలకూ తగులుతుంది. మూడో లోటు కూడా అలా కొంత తీరుతుంది.

ఇంకో ఖరీదు ఉంది. పొగ మనవాళ్ల గుణాల్ని కూడా ఆర్పేస్తుంది. ఎవరి బలమంతా గుణం మీదే ఉందో వాణ్ణి ఈ జట్టులో వేస్తే వాడు చేతులు కట్టేసినట్టు నిలబడతాడు. కాబట్టి మిగతా ముగ్గుర్ని ఎంచుకునేటప్పుడు ఒకటే ప్రశ్న అడగండి. గుణం లేకపోయినా వీడు పని చేస్తాడా? ఇన్సినరోర్ అనే పులి ఉంది. ఫైర్, డార్క్ రకాలు. దాని బెదిరించే గుణానికి పోటీల్లో మంచి పేరు. పొగలో ఆ గుణం పనిచేయదు. అయినా నేను పెట్టుకుంటాను. ఎందుకంటే దిగిన మొదటి టర్నులోనే ఎదుటివాణ్ణి ఉలిక్కిపడేలా కొట్టి ఆ టర్ను పని చేయనివ్వని దెబ్బ దానికి ఉంది. అది గుణం కాదు, చేతి పని. పొగ దాన్ని ఆపలేదు. పైగా వీజింగ్‌కి, టోగెకిస్‌కి ఇద్దరికీ స్టీల్ రకం అంటే గండం. ఇన్సినరోర్ నిప్పు స్టీల్‌ని కరిగిస్తుంది. దయ్యాల రకానికి అది జవాబు. వీజింగ్ భయపడే సైకిక్ దెబ్బ డార్క్ రకానికి తగలనే తగలదు. మళ్లీ చూడండి, ఇన్సినరోర్‌ని బలం చూసి తీసుకోలేదు. మొదటి ముగ్గురి లోట్లు చూసి తీసుకున్నాం. ముందు లోటు, తర్వాత జోడు.

పొగ నచ్చనివాళ్లకు ఇంకో దారి ఉంది. స్కిల్ స్వాప్ అనే పని. అంటే నీ గుణం నాకివ్వు, నా గుణం నీకిస్తా అని ఇద్దరు మార్చుకోవడం. క్రెసీలియా అనే చందమామలాంటి జీవికి ఇది వచ్చు. దాని గుణం నేల దెబ్బలు తగలకుండా తేలడం. అది రెజిగిగాస్‌తో మార్చుకుంటే, వాడికి తేలే గుణం వస్తుంది, స్లో స్టార్ట్ దీని మెడకి పడుతుంది. దీని ఒంటి దాడి, వేగం సగమైపోతాయి. కానీ క్రెసీలియా బతికేది ఒంటి బలంతో కాదు, ఓర్పుతో. సగమైతే దానికొచ్చిన నష్టం తక్కువ. వాడి భారం ఇది మోస్తుంది. ఈ పద్ధతిలో ఒక టర్ను పోతుంది, కానీ తర్వాత క్రెసీలియా పడిపోయినా రెజిగిగాస్ నిండు బలంతోనే ఉంటాడు. వీజింగ్ దారిలో ఒక్క టర్ను కూడా పోదు, కానీ వీజింగ్ పోతే అన్నీ పోతాయి. ఏది మంచిదంటే, తొందరగా తేల్చే ఆట ఆడేవాళ్లకు వీజింగ్, నిదానంగా ఆడేవాళ్లకు క్రెసీలియా. రెండూ ఒకే జట్టులో వేయద్దు, రెండు జట్లు అరకొరగా అవుతాయి. పొగ ఉన్నప్పుడు మార్చుకున్న గుణమూ పనిచేయదు.

పోరుకు ముందు ఆరుగుర్నీ ఎదుటివాడు చూస్తాడని చెప్పాను గదా. మీ ఆరుగురిలో రెజిగిగాస్, వీజింగ్ పక్కపక్కన కనిపించగానే వాడికి సంగతి అర్థమైపోతుంది. వాడు వీజింగ్‌ని చంపేవాళ్లనే దింపుతాడు. అప్పుడు మీరు ఏం చేయాలి? రెజిగిగాస్‌ని ఇంట్లో ఉంచేయండి. మిగతా ముగ్గురికి టోగెకిస్‌ని కలిపి దింపండి. వాడు రాని చుట్టం కోసం వంట చేసుకుని కూర్చున్నట్టు అవుతుంది. మొండివాడు మైదానంలోకి దిగకుండా కూడా మీకు ఆట గెలిపించగలడు. కానీ ఆ నలుగురూ వాడు లేకుండా ఆడగలిగితేనే. అందుకే సేవకి ఇద్దరు చాలన్నాను.

వీడికి చిన్నన్నలాంటివాడు ఒకడున్నాడు, స్లేకింగ్. 2002లో జపాన్‌లో రూబీ, సఫైర్ ఆటలతో వచ్చాడు. వీడి మొత్తమూ 670, దాడి 160. వీడి జబ్బు ట్రూయెంట్, అంటే ఒక టర్ను పని చేస్తే ఒక టర్ను పడుకుంటాడు. పిల్లలు ఈ వారం వీడి మీద ఇదే కాగితం పని చేసి చూడచ్చు. పొగ వీడికీ పనికొస్తుంది. మిగతా లోట్లు మీరే రాయండి.

తల్లిదండ్రులకు ఒక మాట. స్విచ్ కొనిపెట్టాలా అని చాలామంది అడుగుతారు. ఈ జట్టు కట్టే పని నేర్చుకోవడానికి అక్కర్లేదు. పోకెమాన్ షోడౌన్ అని బ్రౌజర్‌లోనే ఉచితంగా ఆడే సిమ్యులేటర్ ఉంది. జీవుల్ని పట్టి పెంచే పని ఉండదు, నేరుగా జట్టు కట్టి పోరాడుకోవచ్చు. ఊళ్లో ఉన్న బాబాయి కొడుకు కూడా అందులోకి రావచ్చు. ఏ పోటీలో ఏ జీవుల్ని అనుమతిస్తారన్నది సీజన్‌ని బట్టి మారుతుంది కాబట్టి, జట్టు కట్టేముందు ఆ నియమాలు ఒకసారి చదవమనండి.

ఇక సాధన ఎలా? ప్రతి పోరూ అయ్యాక రీప్లే దాచుకోవచ్చు. గెలిచినవి చూడక్కర్లేదు. ఓడినవాటిలో ఒకే ఒక్క చోటుకి వెళ్లండి. వీజింగ్ పడిపోయిన టర్నుకి. ఆ సమయానికి ఎదుటి జట్టులో ఎంతమంది పోయారు? ఇద్దరు పోయి ఉంటే మీ జోడు సరిగానే పనిచేసింది, తప్పు వెనకున్న ఇద్దరిలో ఉంది, వాళ్లను మార్చండి. ఒక్కడే పోయి ఉంటే రెజిగిగాస్ వేసిన దెబ్బలు ఎవరి మీద వేశారో చూడండి, గురి మార్చుకోండి. ఎవరూ పోకపోతే వీజింగ్ మొదటి టర్నులో కాచుకుందో లేదో చూడండి. అక్కడ సరిచేసుకుని మళ్లీ ఆడండి. జట్టులో ఒకసారికి ఒక్కణ్ణే మార్చండి. ముగ్గుర్ని ఒకేసారి మారిస్తే ఎవరివల్ల గెలిచారో మీకే తెలియదు.